బాప్తిస్మపు తొట్టిలో చేపలు

గచ్చిబౌలి,
జనవరి 9

అన్నా,

మొదాలు మొత్తం చదువు, తర్వాత తిట్టు.

నువ్వేమో ఉట్నూరు అవతల గా హాస్టల్ల పిల్లల్ని చూస్కుంట కూసున్నవ్. ఫోన్ కలవదు. కలిసినా మన ఇద్దరికీ రెండో మాటకే లొల్లి. అందుకే కాయితం పట్టిన.

మా ఆఫీసు లాబీల సముద్రపు చేపల అద్దాల తొట్టి ఉన్నది గదా. పేరుకు నేను ఫెసిలిటీస్‌ల కొలువు చేస్తున్న గని నా పానమంత దాని మీదనే. ఉప్పు కలిపేది నేనే, తిండేసేది నేనే, పండుగకు లీవ్ పెట్టనిది దాని కోసమే. డిసెంబర్ల మా మేనేజర్ చైతన్య సార్, క్లయింట్లొస్తున్నరు, కొత్త రంగులు కావాలె అని ఒక నీలం చేపను తెప్పిచ్చిండు. సార్, కొత్త చేపను కొన్ని వారాలు వేరే నీళ్లల్ల పెట్టి చూడాలె, రోగముంటె బయటపడ్తది అని నెత్తి నోరు కొట్టుకున్న. "అబ్బే, ఎంత ఫ్రెష్‌గా ఉందండీ, ఏం కాదు లెండి" అని సంచి విప్పి తన చేతులతోనే వదిలిండు. ఫొటో గూడ దిగిండు.

క్రిస్మస్ నాటికి అన్ని చేపలకు ఒళ్లంత ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. రాళ్లకేసి రుద్దుకుంటున్నయ్, తిండి ముట్టయ్, నోరు తెరిచి రొప్పుతున్నయ్. అది పురుగు అన్నా, కంటికి ఆననంత చిన్నది. చేప ఒంట్ల తిని బలిసి, కిందికి రాలి, ఇసుకల దాక్కుని, పగిలి వందల పిల్లలై మల్ల చేపల మీద పడ్తది. దానికి మందు రాగి. ఆ మందు లాబీ తొట్టిలనే పోస్తే అండ్ల ఉన్న పగడాలు, రొయ్యలు అన్నీ సస్తయ్. అందుకని చేపల్ని తీసి వేరే తాన పెట్టి మందియ్యాలె. లాబీ తొట్టిని రెండున్నర నెలలు చేప లేకుండ ఉంచాలె. తినడానికి చేప దొరకకపోతే పురుగు ఆకలికి సస్తది. ఇంకో దారి లేదు.

వేరే తాన అంటే ఏడ? ఆఫీసోళ్లు ఇంకో తొట్టి కొనరు. డ్రమ్ములు పెడ్తనంటే "లుక్ పాడవుతుందండీ" అంటడు సార్. నా రూంల మంచమే పట్టదు. చేతెడు చేతెడు చేపలవి, చిన్నదాంట్ల బతకయ్.

జీడిమెట్లల, నువ్వు పాస్టర్‌గ ఉన్న మన మందిరంల, పరదా ఎనక ఉన్న బాప్తిస్మపు తొట్టిల ఏసిన.

ఇగ తిట్టు. అమ్మనడిగిన, సరే బిడ్డా అన్నది. సంఘం పెద్ద ఫిలిప్ పెద్దయ్య మొకం మాడ్చుకున్నడు గని అడ్డం చెప్పలే. ఈస్టర్ కన్నా ముందే ఖాళీ చేసి, కడిగి, ఎండబెట్టి ఇస్త.

నీ చెల్లె,
కెజియా

*

హాస్టల్, ఉట్నూరు మండలం,
జనవరి 21

ప్రియమైన చెల్లి కెజియాకు,

ప్రభువు నామమున శుభములు. నీ ఉత్తరం మొత్తం చదివాను. తర్వాతే తిట్టమన్నావు కాబట్టి ఇప్పుడు తిడుతున్నాను. నీకు బుద్ధి ఉందా?

ఆ తొట్టిలో మనుషులు పాత బతుకును పాతిపెట్టి కొత్తగా లేస్తారు. రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, సంఘం వాళ్లు తలా ఇంత వేసుకుంటే వచ్చిన తొట్టి అది. దాన్ని నువ్వు ఒక కంపెనీ చేపలకు ఆసుపత్రి చేశావు. నేను అక్కడ ఉంటే అడిగేదానివా? నేను లేననే కదా ఇంత ధైర్యం. కాపరి ఊళ్లో లేకపోతే మందిరం ఎవరిదైనా అయిపోతుందన్నమాట.

వేసేశావు కాబట్టి ఇప్పుడు తీసి పారబొయ్యమనలేను. మూగజీవాలు. కాని విను. ఈ ఈస్టర్‌కు ఏడుగురు బాప్తిస్మానికి సిద్ధపడుతున్నారు. మార్చి ఆఖరుకల్లా తొట్టి ఖాళీ కావాలి. ఒక్కరోజు కూడా పొడిగించను.

ఇంకో సంగతి. నువ్వు గచ్చిబౌలిలో ఉంటావు. ఆ ట్రాఫిక్‌లో జీడిమెట్లకు రోజూ రాలేవు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. మరి ఎవరు చూస్తున్నారు?

నాయిన ఎలా ఉన్నారో అమ్మ రాయదు, నేను అడగను. ఫ్యాక్టరీలో ఆయన చెప్పి పెట్టించిన కొలువును నేను వదిలేసి వాక్యం పట్టుకున్న నాటి నుంచి ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నా మందిరం గడప తొక్కలేదు. ఆయన కోసం నేను ప్రార్థన మానలేదని మాత్రం నీకు తెలుసు.

క్రీస్తునందు నీ అన్న,
యోహాను

*

గచ్చిబౌలి,
ఫిబ్రవరి 3

అన్నా,

తిట్టినవ్, అయిపోయింది. నీ కడుపు గూడ చల్లబడ్డట్టుంది.

చేపలు జర నయం. రాగి సంగతి నీకు చెప్తె నవ్వుతవ్ గని, కూరల ఉప్పు కన్నా కష్టం. తక్కువైతే పురుగు సావదు, ఎక్కువైతే చేప సస్తది. నడుమ సన్నటి జాగ, ఆడనే ఉంచాలె. చిన్న గాజు సీసల తొట్టి నీళ్లు పట్టి, రెండు మందు చుక్కలేసి, వచ్చిన రంగును కార్డు మీది రంగుతోటి పోల్చి చూడాలె. దినాం చూడాలె. ఎండకు నీళ్లు ఇగురుతయ్, ఉప్పు ఇగరదు, కాబట్టి పోసేటప్పుడు మంచినీళ్లే పొయ్యాలె. చేపల మురికికి నీళ్లు పాడైతయ్, కొన్ని తీసి అదే ఉప్పు, అదే రాగి కలిపి మల్ల పొయ్యాలె. ఇదంతా తప్పకుండ నడుస్తున్నది.

ఎవరు చూస్తున్నరు అంటవా? చూసేటోళ్లు చూస్తున్నరు. నువ్వు ఫికర్ చెయ్యకు.

మన సంఘమోళ్ల తోటే పరేషాన్. సరోజమ్మ అత్త ప్రార్థన నూనె సీసా పట్టుకొచ్చి, "నీళ్లల్ల రెండు చుక్కలేస్త, దినంల లేస్తయ్ చూడు" అన్నదంట. నూనె పడితే నీళ్ల మీద తెట్టె కట్టి చేపకు గాలాడదు. ఆమెను ఆపినోళ్లు ఆపిన్రు. జర గట్టిగనే ఆపిన్రంట, నారాజ్ అయింది. నీకు చెప్పుకుంటదేమో, పట్టించుకోకు.

కెజియా

*

గచ్చిబౌలి,
ఫిబ్రవరి 24

అన్నా,

నీ జవాబు రాకముందే రాస్తున్న. కోపం మీదున్న, అక్షరాలు వంకరున్నా చదువుకో.

మొన్న శుక్రవారం నాకు జ్వరమొచ్చి ఇంటి కాడ పండుకున్న. సోమవారం ఆఫీసుకు పోతే లాబీ తొట్టిల మూడు చేపలు తిరుగుతున్నయ్! కొత్తయి! చైతన్య సార్ దగ్గరికి ఉరికిన. "వైస్ ప్రెసిడెంట్ గారొచ్చారండీ. ఖాళీ తొట్టి ఎంత బోసిగా ఉందో. ఒక్క మూడే కదా వేయించాను" అంటడు. ఒక్క మూడే! ఆకలికి సావబోతున్న పురుగుకు విస్తరేసి వడ్డించిండు. గిన్ని వారాలు నేను అద్దం మీద "చేపలు వెయ్యరాదు" అని కాయితం అంటించి కాపలా కాస్తే, ఆ కాయితం గూడ లుక్ పాడైతదని పీకించిండు. నేను ఆయన మొకం మీదనే ఏడ్చిన. ఆయనకు ఏమీ అర్థం కాలే. "చేపలు వేస్తే ఏడుస్తారేంటండీ, సంతోషించాలి గానీ" అన్నడు.

ఇప్పుడు లెక్క మల్ల మొదటికొచ్చింది. ఆ మూడింటిని గూడ తీసి మన తొట్టిల ఏసిన. లాబీ తొట్టి మల్ల రెండున్నర నెలలు చేపల్లేకుండ ఉండాలె. అంటే మే నెల దాక. లాబీ తయారయ్యేదాక వీటికి పోవడానికి వేరే ఇల్లు లేదు.

అన్నా, మాటిచ్చిన సంగతి యాదున్నది. తప్పు నాది కాదు. ఈస్టర్ బాప్తిస్మాలు ఇంకేడనన్న పెట్టుకోరా? నీ కాళ్లు మొక్కుత.

కెజియా

*

హాస్టల్, ఉట్నూరు మండలం,
మార్చి 4

కెజియా,

కుదరదు.

మీ మేనేజరుకు బుద్ధి లేకపోతే నా సంఘం ఎందుకు మొయ్యాలి? ఏడుగురిలో ఒకాయన కిష్టయ్య, రాత్రి డ్యూటీలు మార్చుకుని మరీ వాక్యం నేర్చుకున్నాడు. నేను అతనికి ఏం చెప్పను? "అన్నా, నీ రక్షణ కొంచెం ఆగాలి, ఆఫీసు చేపలకు చుక్కలు పోలేదు" అని చెప్పనా? ఇప్పటికే సంఘంలో నవ్వుతున్నారు. సరోజమ్మ గారు నాకు రాసింది. ప్రార్థన నూనె తెస్తే ఎవరో "ముసల్దానా, అవతలికి జరుగు" అన్నారట. ఎవరో ఆమె చెప్పదు, నువ్వూ చెప్పవు. నా మందిరంలో ఏం జరుగుతుందో నాకు తప్ప అందరికీ తెలుసు.

ఫిలిప్ గారికి రాశాను. ఈస్టర్‌కు వారం ముందే, మట్టల ఆదివారం లోపు తొట్టి ఖాళీ చేయిస్తారు. చేపల్ని నువ్వు తీసుకెళ్తే సరే. తీసుకెళ్లకపోతే తర్వాత నన్ను అడగొద్దు. కఠినంగా రాశాననుకుంటావు. అనుకో.

యోహాను

*

గచ్చిబౌలి,
మార్చి 13

అన్నా,

ఇగ దాచి లాభం లేదు. దాచమన్నది నేను కాదు, నాయిన.

చూసేటోళ్లు ఎవరని అడుగుతున్నవ్ గదా. నాయిననే. మొదటి వారం అమ్మ చూసింది. ఆమెకు రంగు తేడా తెలుస్తలేదు, సీసను కొంగు చాటున పెట్టుకుని ఇంటికి తెచ్చి ట్యూబ్‌లైటు కింద పట్టుకుంది. నాయిన టీవీ చూస్తున్నోడు తల తిప్పి, "గట్ల చూస్తరా రంగు? ఎండ వెలుతుర్ల చూడాలె" అన్నడంట. ఫ్యాక్టరీ ల్యాబుల అంతకాలం సీసలు ఊపినోడు గదా. తెల్లారి చొక్కా ఏస్కుని తనే బయల్దేరిండు. అమ్మ నోరు తెరిచేలోపు, "నేను గుడికి పోతలేను. చేపల తాన్కి పోతున్న. వానికి చెప్తే మల్ల పోను" అన్నడు.

గప్పటి సంది దినాం పోతుండు. ఎనక తలుపు నుంచి పోయి ఎనక తలుపు నుంచి వస్తడు, ముంగటి గడప తొక్కడు. అమ్మ బతిమాలినా తన బీపీ గోలీలు ఏస్కోడు గని చేపలకు మాత్రం టైముకు మందు. సరోజమ్మ అత్తను అవతలికి జరగమన్నది ఆయనే. పసుపు చేపొకటి ఉన్నది, ఆయన చెయ్యి పెడితే దగ్గరికొస్తది. "ఇది నన్ను గుర్తుపడ్తది" అని నాకు ఫోన్ చేసి చెప్పిండు. నాయిన నాకు తనంతట తాను ఫోన్ చెయ్యడం నా బతుకుల అదే మొదలు.

మొన్న బుధవారం నీ ఉత్తరం పట్టుకుని ఫిలిప్ పెద్దయ్య పైపు తెచ్చిండు, నీళ్లు తియ్యడానికి. నాయిన తొట్టి ముంగట కుర్చీ ఏస్కుని కూసున్నడు. "పాస్టర్ గారి మాట" అన్నడు పెద్దయ్య. "మీ పాస్టర్ను నేను ఎత్తుకుని తిప్పిన. పైపు పెట్టు చూద్దాం" అన్నడు నాయిన. "ఇది గుడి రాములూ" అంటే, "గుడి పరదాకు అవతల. ఇవతల దవాఖాన" అన్నడంట. పొద్దూకేదాక కదలలే. అమ్మ సద్ది అక్కడికే పట్కపోయింది.

ఇగ నువ్వు చెప్పు, తొట్టి ఖాళీ చేయిస్తవా?

ఒక్కటే బతిమాలుకుంటున్న. ఆయన్ని ఏమనకు. మంచిగ గూడ ఏమనకు. వాక్యం ఎత్తకు, ఎవరితోటీ చెప్పియ్యకు. ఆయన్ని ఆయన లెక్కన ఉండనియ్యి.

కెజియా

*

హాస్టల్, ఉట్నూరు మండలం,
మార్చి 18

నా ప్రియమైన చెల్లీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పిల్లల ముందు ఏడ్చాను. నాయిన! మందిరంలో! దినం దినం!

నేనెంత మూర్ఖుణ్ణి! తొట్టి గురించి పోట్లాడుతున్నాను. దేవుడు ఆ తెల్ల పురుగును కూడా వాడుకున్నాడు. ప్రసంగాలు చెయ్యలేనిది, అమ్మ కన్నీళ్లు చెయ్యలేనిది చేపలు చేశాయి. ఇది యాదృచ్ఛికం అనుకుంటున్నావా? నేననుకోను.

తొట్టి నీ ఇష్టం. మే దాకా ఉంచు. బాప్తిస్మాలు ఆ తర్వాత అదే తొట్టిలో జరుగుతాయి. పేర్లు మాత్రం వచ్చే ఆదివారం నుంచే సంఘంలో చదవాలి, అది మన పద్ధతి. ఫిలిప్ గారికి రాశాను.

నాయినను నేనేమీ అనను. ఎంత దూరంలో ఉన్నాను, ఏమనగలను?

నీ అన్న,
యోహాను

*

గచ్చిబౌలి,
మార్చి 28

యోహానూ,

అన్నా అని రాయబుద్ధయితలేదు.

ఏమనగలను అని రాసినవ్. అనాల్సిందంతా ఫిలిప్ పెద్దయ్య నోటితోటి అనిపిచ్చినవ్. ఏడుగురి పేర్లకు ఎనిమిదో పేరు కలిపినవ్. అడిగినవా ఆయన్ని? అమ్మనడిగినవా? నన్నడిగినవా? వద్దని కాళ్లు పట్టుకున్న గదా!

ఏం జరిగిందో అమ్మ చెప్పంగ విను. ఆదివారం పొద్దుగాల కరెంటు పోయింది. గాలి మోటరు ఆగితే చేపలు సస్తయని నాయిన ఉరికొచ్చిండు. ఎనక తలుపు నుంచొచ్చి పరదా చాటున మోకాళ్ల మీద కూసుని చేత్తోటి నీళ్లు చిలుకుతున్నడు. పరదా ఇవతల ఆరాధన. అమ్మకు తప్ప ఆయనున్నట్టు ఎవరికీ తెల్వదు. పాట అయినంక పెద్దయ్య లేచి పేర్లు చదివిండు. కిష్టయ్య గారు, కమలమ్మ గారు, అందరూ. ఆఖరికి గొంతు పెంచి, "ఇన్నేండ్లు మనం ఎదురుచూసిన ఆత్మ, మన పాస్టర్ గారి తండ్రి, సహోదరుడు రాములు గారు" అన్నడు. ఇగ చప్పట్లు, హల్లెలూయలు. సరోజమ్మ అత్త ఏడ్చింది.

నాయిన పరదా పక్కకు జరిపి బయటకొచ్చిండు. మోచేతుల దాక నీళ్లు కారుతున్నయ్. అందరూ ఇంకా గట్టిగ చప్పట్లు కొట్టిన్రు, సాక్ష్యం చెప్పనీకి వచ్చిండనుకున్నరు. ఆయన ఎవరినీ చూడలే. నడుమ నుంచి నడుచుకుంట ముంగటి తలుపు నుంచే ఎల్లిపోయిండు. చెప్పులు ఎనకనే మర్చిపోయిండు.

ఇంటికి పోయి, "నన్ను గాలమేసి పట్టిన్రు" అన్నడంట అమ్మతోటి. గంతే. గప్పటి సంది ఇల్లు కదల్లే.

అమ్మ భయపడి నాకు చెప్పలే. తనే చూసుకుంటననుకుంది. పాపం అని దినాం రెండింతలు తిండేసింది, నీళ్లు మురిగినయ్. మురికి పోవాలని సగం తీసి నల్లా నీళ్లు పోసింది. రాగి పలచబడ్డది, పురుగు మల్ల లేచింది. నేను గురువారం వచ్చేసరికి ఐదు చేపలు ఎల్లకిల పడి తేలుతున్నయ్. నా చేతులతోటి తీసి షెడ్డు ఎనక పాతిపెట్టిన. పసుపుది బతికే ఉన్నది, ఒంటి నిండ చుక్కలు. మందు మొత్తం మల్ల మొదటి నుంచి. లీవ్ పెట్టి ఈడనే పడి ఉన్న. చైతన్య సార్ ఫోన్ చేసి "చేపలే కదండీ" అన్నడు. మీ ఇద్దరికీ తేడా నాకు కనపడ్తలేదు. బోసిగ ఉన్నదని ఆయన చేపల్నేసిండు, నువ్వు నాయిన పేరేసినవ్.

నాకు ఫోన్ చెయ్యకు. ఎత్తను.

కెజియా

*

జీడిమెట్ల,
ఏప్రిల్ 7

కెజియా,

అన్నట్టే నువ్వు ఫోన్ ఎత్తవు. పోయిన వారం సోమవారం రాత్రి బస్సుకు నేనొచ్చిన తెల్లారే నువ్వు గచ్చిబౌలికి వెళ్లిపోయావు. నీ కుర్చీ మీద రంగుల కార్డు ఉంది, ఎట్ల చూడాలో అమ్మకు రాసిపెట్టిన కాయితం ఉంది. అందుకే మల్ల రాస్తున్న.

హాస్టల్ పని వేరే ఆయనకు అప్పగించి వచ్చిన. నాయిన గదిలోకి పోయిన. గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. నాయినా అన్న. క్షమించు అన్న. లేచి బాత్రూంలకు పోయి తలుపేసుకున్నడు. అర్ధగంట బయట నిలబడ్డ. అమ్మ వచ్చి నన్ను జరగమన్నది.

ఈస్టర్ నాడు ప్రసంగానికి ముందే చెప్పిన. "రాములు గారి పేరు ఆయన్ని అడగకుండ రాయించింది నేను. ఆయన బాప్తిస్మం కోసం రాలేదు, చేపల కోసం వచ్చిండు. ఆ పేరు తీసేస్తున్న. ఆయన్ని ఎవరూ ఏమీ అడగొద్దు" అన్న. ఫిలిప్ గారు మొకం తిప్పుకున్నరు, ఆయన చేత చదివించింది నేనే గదా. ఏడుగురికి సూరారం సంఘం వాళ్ల తొట్టిలో బాప్తిస్మమిచ్చిన. పరాయి చోట అని కిష్టయ్య బాధపడ్డడు. అమ్మ ఆ రోజు అన్నం ముట్టలే. ఆమె ఎన్నేండ్లు అడిగిన ప్రార్థన, ఒక్క ఆదివారం నెరవేరినట్టే అయి పోయింది. కొడుకు చేతనే పోయింది.

నీ చేపల్ని నేనే చూస్తున్న. నువ్వు తిట్టినా సరే. దినం దినం సీస పడుతున్న, చుక్కలేస్తున్న. కార్డు మీద రెండు నీలాల నడుమ తేడా నాకు అస్సలు తెలుస్తలేదు. నిన్న పొద్దున బల్బు కింద పట్టుకుని చూస్తున్న. ఎనక తలుపు తీసిన సప్పుడయింది. నేను తిరగలే.

సీసను నా చేతిలోంచి గుంజుకున్నడు. "బల్బు కింద చూస్తే ఏం తెలుస్తది? బయటికి రా" అన్నడు.

ఎండలో నిలబడ్డం. కార్డు పక్కన పట్టి చూసి, "రాగి తక్కువున్నది. గన్ని మంచినీళ్లు ఎవడు పోసిండు?" అన్నడు. నేనే అన్న. "తెలివి" అన్నడు. చుక్కలు లెక్కబెట్టి మందు పోసిండు. పసుపు చేప వచ్చి చెయ్యి తాకింది. చెప్పులు మూలకున్నయ్, తొడుక్కుని ఎల్లిపోయిండు. నన్ను చూడలే.

ఇన్నేండ్లకు నాయిన నాతో మాట్లాడిన మాటలివి. అన్నీ తిట్లే. రాత్రంతా వాటినే తల్చుకుంట కూసున్న.

యోహాను

*

గచ్చిబౌలి,
మే 5

అన్నా,

అమ్మ చెప్పింది, నీకు ఇప్పుడు రంగు చూడ్డం వచ్చిందంట. నాయిన నిన్ను దినాం తిడ్తున్నడంట. మంచిగున్నది.

నా కోపం పూర్తిగ పోలే, గని సగం పోయింది. లాబీ తొట్టి తయారయింది. ఈసారి నేను తాళం ఏసిన, చెవి నా మెడల ఉన్నది, చైతన్య సార్ రెండుసార్లు అడిగిండు, ఇయ్యలే. శనివారం పొద్దుగాల బండి తెస్త, చేపలన్నిటిని తీస్కపోత. తొట్టి నీకు ఖాళీ అయితది. మొదటి నుంచి నువ్వడుగుతున్నది గదే గదా.

కెజియా

*

జీడిమెట్ల,
మే 7

చెల్లీ,

నీ ఉత్తరం నాయినకు చూపించలే. శనివారం అన్న మాట అమ్మ అన్నది, ఆయన విన్నడు. తింటున్న పళ్లెం జరిపి లేచిండు. నిన్నంతా తొట్టి కాడనే ఉన్నడు.

మా ఇద్దరి నడుమ ఉన్న మాటలన్నీ ఉప్పు, రాగి, నీళ్లు. వేరే మాట ఎత్తితే లేచిపోతడు. వానొస్తది అన్నా లేచిపోతడు. చేపల మాటయితే మాత్రం అర్ధగంటయినా మాట్లాడ్తడు. చిన్నప్పుడు ఫ్యాక్టరీల నన్ను పక్కన నిలబెట్టుకుని సీసలు చూపించిన సంగతి మొన్న తనే ఎత్తిండు, మల్ల బంద్ చేసిండు. అవి పోతే ఆయన ఇటు రాడు. నేను ఇంటికి పోతే గోడ దిక్కు తిరుగుతడు.

తొట్టి ఖాళీ చెయ్యి, ఖాళీ చెయ్యి అని నీ పానం తిన్నది నేనే. ఇప్పుడు అడుగుతున్న. ఒక్కదాన్ని ఉంచు. ఏదయినా సరే. ఇంకా నయం కాలేదని నాయినకు నువ్వే చెప్పు, నేను చెప్తె నమ్మడు. తప్పని నాకు ఎరుక. ఆ తప్పు నేను మోస్త.

యోహాను

*

గచ్చిబౌలి,
మే 11

అన్నా,

నీ ఉత్తరం ఇయ్యాల వచ్చింది, సోమవారం. శనివారమే నేనొచ్చి పోయిన. నువ్వు సూరారంల ప్రార్థనకు పోయినవంట.

శుక్రవారం రాత్రి నాయిన నాకు ఫోన్ చేసిండు. "పసుపుదాన్ని తీస్కపోకు బిడ్డా. రెక్క కింద ఇంకా ఒక చుక్కున్నది" అన్నడు. ఒక్కదానికి చుక్కుంటే అన్నిటికీ ఉన్నట్టే, మల్ల మొదటి నుంచి చెయ్యాలె. ఈ సంగతి నాయినకు నాకంటె ఎక్కువ ఎరుక.

పొద్దుగాల వచ్చి బ్యాటరీ లైటు పట్టుకుని దాని చుట్టూ గంటసేపు తిరిగిన. చుక్క లేదు, మచ్చ లేదు. ఒళ్లు తళతళ మెరుస్తున్నది. నాయిన దిక్కు చూసిన. ఆయన పరదా దిక్కు చూస్తున్నడు.

"ఉన్నది నాయినా. జర చిన్నగ ఉన్నది" అన్న.

"చెప్పిన గదా. చూసినవా" అన్నడు. "ఇంకో రెండు నెలలన్న పడ్తది. వాడొక్కడు చూస్కోలేడు, వానికి ఇంకా రాదు."

మిగతాయి తీస్కపోయిన. పసుపుది ఇంకా మందుల ఉన్నదని సార్‌కు చెప్పిన. మీ కాడనే ఉంచిన. ఇద్దరు కలిసి ఎక్కువ తిండేసి సంపకున్రి.

కెజియా